ఆళ్లగడ్డ దాకా వాన

నేను సైకిల్ పందేల్లోకి దిగడానికి కారణం నా ఉద్యోగం. ట్రైనింగ్ అయిపోయాక శిరివెళ్లకు కాస్త ఇవతల ఒక పల్లెలో నన్ను టీచరుగా వేశారు. మా ఇల్లు నంద్యాలలో. ఆ పల్లెలోనే ఒక గది చూసుకుంటానంటే అమ్మ ఒప్పుకోలేదు. "ఆడ నీకు ఎవురు వండిపెడతారు?" అంది. పొద్దున బస్సు ఒకటి ఉండేది గానీ, అది వచ్చేసరికి పిల్లలు ప్రార్థన ముగించి లోపలికి పోయి ఉండేవారు. అందుకని నాయన తన సైకిల్ నాకిచ్చేసి, తాను నడిచి బడికి పోవడం మొదలుపెట్టాడు. ఆయనా టీచరే, నంద్యాలలో మిషన్ బడిలో.

అవి డెబ్బైల మధ్య సంవత్సరాలు. పోనూ రానూ రోజూ అదే రోడ్డు. ఎండాకాలం ఎట్లాగో గడిచిపోయేది. వానాకాలమే కష్టం. మా వైపు నేల నల్లరేగడి. ఎద్దుల బండ్లు పొలాల్లోంచి ఆ మట్టిని చక్రాలకు అంటించుకుని తారు రోడ్డు మీదికి మోసుకొస్తాయి. వాన తుంపర పడితే చాలు, అది సబ్బు రాసినట్టు అయిపోతుంది. ఇంకొంచెం చిక్కబడితే చక్రానికీ మడ్గార్డుకూ మధ్య పేరుకుని చక్రాన్ని తిరగనివ్వదు. మొదటి సంవత్సరం నేను ఎన్నిసార్లు పడ్డానో చెప్పలేను. మోచేతులు చూసి పిల్లలు "సారు ఈపొద్దు గూడా పడినాడు" అనుకునేవాళ్లు. పడగా పడగా కొన్ని సంగతులు ఒంటికి తెలిశాయి. తడిలో బ్రేకును నమ్ముకోకూడదు. బురద మీద హ్యాండిల్ తిప్పకూడదు, తొక్కడం ఆపకూడదు. చక్రం ఎటు జారితే ఒంటిని అటు కాస్త వదిలేయాలి.

ఆగస్టు పదిహేనున నంద్యాలలో యువకుల సంఘం ఒకటి ఆళ్లగడ్డ దాకా సైకిల్ పందెం పెట్టేది. మామూలు సైకిళ్లే. మడ్గార్డులు, క్యారియరు, స్టాండు, చైను మీది రేకు విప్పేసి బరువు తగ్గించుకునేవాళ్లం. కొందరు హ్యాండిల్‌ను తలకిందులుగా బిగించుకుని వంగి తొక్కేవాళ్లు. మా హెడ్మాస్టరే నా పేరు ఇచ్చి వచ్చాడు. "రోజూ ఊరికే తొక్కుతాండావు గదా, ఒకరోజు పేరు కోసం తొక్కు" అన్నాడు. ఆ ఏడు వాన లేదు. నేను చిట్టచివర వచ్చాను. మరుసటేడు పొద్దున్నుంచీ వాన. నాలుగోవాడిగా వచ్చాను. అప్పుడు అర్థమైంది, నా బలమంతా కాళ్లలో లేదు, బురదలో ఉందని.

అప్పటి నుంచీ మా ఇంట్లో ఆగస్టు నెల ప్రార్థనలు తికమకగా ఉండేవి. కొడుకు జారిపడకుండా ఆ ఒక్క రోజు వాన ఆగాలని అమ్మ ప్రార్థించేది. నేను మనసులో వాన రావాలని కోరుకునేవాణ్ని. నాయన మా ఇద్దరినీ చూసి, "చుట్టూ అన్ని పల్లెల రైతులు వాన అడుగుతాంటారు. దేవునికి నీ మాట యాడ చెవిన పడుతుందే?" అని అమ్మను ఆటపట్టించేవాడు.

ఆ రెండు పందేల్లోనూ మొదట వచ్చింది ఒకడే. ఆళ్లగడ్డలో పెద్ద కిరాణా అంగడి ఉన్న శెట్టిగారి కొడుకు. నా ఈడువాడే. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ముందురోజు సాయంత్రమే బస్సు మీద సైకిల్ వేసుకుని నంద్యాల వచ్చి, చుట్టాలింట్లో పడుకుని, పొద్దున పందెం మొదలయ్యే చోట ఒక పక్కగా నిలబడేవాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అందరం అతనికి పొగరనుకున్నాం. నిజానికి అతనికి నత్తి. మాట మొదలయ్యే చోటే గట్టిగా పట్టుకునేది. అందుకే అంగడిలో కూడా వాళ్ల నాయన అతన్ని గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టక, వెనక గోడౌనులో మూటలు దింపించే పనికి పెట్టాడని ఆళ్లగడ్డవాళ్లు చెప్పుకునేవారు.

ఇంకొకాయన గురించి కూడా చెప్పాలి. నంద్యాలలో పత్తి మిల్లులో పనిచేసే అన్న. మాకందరికంటే పెద్దవాడు, పెండ్లయినవాడు. మిల్లులో యంత్రాల మోత మధ్య పగలంతా అరిచి మాట్లాడీ మాట్లాడీ బయట కూడా ఆయన గొంతు తగ్గేది కాదు. చెవిలో రహస్యం చెప్పినా బజారంతా వినిపించేది. ప్రతి ఏడూ రెండోవాడిగానో మూడోవాడిగానో వచ్చేవాడు. "మొదట రావల్ల, ఒక్కసారన్నా రావల్ల" అనేవాడు.

నేను చెప్పబోయేది మూడో సంవత్సరం పందెం గురించి.

ఆ వారమంతా వాన వదలలేదు. నల్లమల మీద మబ్బు దిగి కొండలు కనిపించకుండా పోయాయి. జెండా ఎగరేసేటప్పుడు తాడు తడిసి ముడి ఒక పట్టాన విడలేదు, పువ్వులన్నీ ముద్దగా కింద పడ్డాయి. ఇరవై మంది దాకా బయలుదేరాం. సంఘంవాళ్లు జీపులో ముందుగా ఆళ్లగడ్డ పోయారు, చేరేచోట గీత గీసి ఉండాలని. వానలో గీత ఎట్లా గీస్తారని ఎవరో అడిగితే, "తాడు కట్టుకుంటాంలే" అన్నారు.

ఊరు దాటగానే ఎదురుగాలి. ముందువాడి వెనక చక్రం నుంచి ఎగిరే బురదనీళ్లు నేరుగా కండ్లలో పడుతున్నాయి. పక్కకు జరిగితే గాలి కొడుతుంది, వెనక ఉంటే బురద. నేను బురదనే ఎంచుకున్నాను. శిరివెళ్ల వచ్చేసరికి కొందరు పడ్డారు, కొందరు చైను తెగి ఆగారు, కొందరు ఇక చాలనుకుని టీ అంగడిలో కూర్చున్నారు. పందెం చూడటానికి మా బడి పల్లె నుంచి అక్కడికి వచ్చిన పిల్లల తండ్రులు రోడ్డు పక్కన నిలబడి, "సారూ, ముందర ఒకడే ఉండాడు. చానా దూరం పోయినాడు" అని కేకేశారు. ఆ ఒక్కడు ఎవరో నాకు తెలుసు. మిల్లు అన్న నా వెనకే వస్తున్నాడు, ఆయన ఊపిరి కూడా ఆయన గొంతంత పెద్దగా వినిపిస్తోంది.

శిరివెళ్ల దాటాక కొంత దూరంలో ఒక వాగుంది. అప్పట్లో దాని మీద వంతెన లేదు, చప్టా మాత్రమే. అంటే రోడ్డునే కిందికి దించి రాళ్లు పరిచి ఉంటారు, నీళ్లు దాని మీదనుంచే పారతాయి. మామూలుగా పాదాలు తడిసేంత నీళ్లు. ఆరోజు కొండల్లో పడ్డ వానంతా అక్కడికి వచ్చింది. చప్టా ఎక్కడుందో తెలియడం లేదు. ఎర్రగా, తుప్పలూ కొమ్మలూ మోసుకుంటూ నీళ్లు ఎడమ నుంచి కుడికి పోతున్నాయి.

ఒడ్డున శెట్టిగారి కొడుకు సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నడుము దాకా తడి ఎర్రగా ఉంది. కొంతదూరం దిగి చూసి వెనక్కి వచ్చాడన్నమాట. అతని పక్కనే పచ్చిగడ్డి వేసుకున్న బండి ఒకటి ఆగి ఉంది. ఎద్దుల్ని విప్పి కట్టేసి, తల మీద యూరియా సంచి కప్పుకుని ఒక ముసలి రైతు బండి కింద గొంతుకూర్చుని ఉన్నాడు. "దిగొద్దండప్పా. తగ్గేదాకా ఉండండి, పొద్దుగుంకదు" అన్నాడు మమ్మల్ని చూసి.

ఒకరి తర్వాత ఒకరు వచ్చి చేరారు. చివరికి పది పన్నెండు మందిమి అక్కడ పోగయ్యాం. ఆకలి వేసింది. నా జేబులో బెల్లం ముక్క కరిగి పాకమైంది. ఒకరి దగ్గర వేరుసెనక్కాయలుంటే అందరం పంచుకున్నాం. పందెంలో ఉన్నవాళ్లం ఒకరి మొహాలు ఒకరం అంత దగ్గరగా చూసుకోవడం అదే మొదటిసారి. అందరి మొహాలూ బురదతో ఒకేలా ఉన్నాయి.

చాలాసేపటికి నీళ్లు తగ్గుముఖం పట్టాయి. రాళ్ల అంచు కనిపించడం మొదలైంది. అప్పుడు వచ్చింది తగువు. మళ్లీ ఎట్లా బయలుదేరాలి?

"ఏముంది, అందరం ఈడనుంచి ఒక్కసారే పోదాం" అన్నాడు మిల్లు అన్న. చాలామంది తలలూపారు. వెనకబడ్డవాళ్లకు అది మంచి బేరం మరి.

శెట్టిగారి కొడుకు ఒక అడుగు ముందుకు వచ్చాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మెడ నరాలు ఉబ్బాయి, కండ్లు మూసుకుపోయాయి, పెదవులు అదే అక్షరం దగ్గర కొట్టుకుంటున్నాయి. చూడలేక ఒకరిద్దరు మొహం తిప్పుకున్నారు. ఒకతను సాయం చేద్దామనుకున్నాడో, తొందరపడ్డాడో గానీ, "ఆయప్ప గూడా సరేనంటాండాడు, పోదాం పాండి" అన్నాడు. అందరూ సైకిళ్లు ఎత్తారు.

అతను తల అడ్డంగా ఊపడం నేను చూశాను. రోజంతా పిల్లలతో ఉండేవాణ్ని. చదవడానికి లేచి నిలబడి, మొదటి మాట దగ్గర ఆగిపోయే పిల్లలు నాకు కొత్త కాదు. వాళ్ల బదులు పక్కవాడు చదివేస్తే వాళ్ల మొహం ఎట్లా అవుతుందో కూడా తెలుసు.

"ఉండండప్పా, ఆయన చెప్పేది అయిపోలేదు. చెప్పనీండి" అన్నాను.

సైకిళ్లు దించారు. వాన పడుతూనే ఉంది. అంతమంది తన వైపు చూస్తుంటే అతనికి ఇంకా కష్టమైంది. వాగు వైపు తిరిగి నిలబడ్డాడు. మాకు వీపు చూపించి, నీళ్లతో చెప్పుకున్నట్టు చెప్పాడు. ఒక్కో మాటా విడిగా, మధ్యలో ఆగుతూ వచ్చింది.

"నేను వచ్చినప్పుడు వెనక రోడ్డు మీద ఎవురూ కనపడలా. నేను అంత ముందర ఉండా. అంత ముందర నన్ను పంపండి. తర్వాత మీరు రండి."

అంతే చెప్పాడు. అందులో కాదనడానికి ఏమీ లేదు. మిల్లు అన్న కాసేపు గడ్డం గోక్కున్నాడు. "న్యాయమే. అయితే ఎంత ముందర? ఎవురన్నా గడియారం చూసినారా?" అన్నాడు. గడియారం పెట్టుకుని వానలో పందేనికి ఎవరొస్తారు?

బండి కింద నుంచి ముసలాయన అన్నాడు: "ఈ పిల్లోడు వచ్చినప్పుడు నేను బీడీ ముట్టించినా. అది పారేసేటప్పుడు ఈ సారు వచ్చినాడు."

అట్లయితే ఒక బీడీ కాలినంతసేపు అని తీర్మానించాం. మిల్లు అన్న చేయి చాపాడు. "తే పెద్దాయనా, నేను కాలుస్తా."

"నువ్వు ఇంజను మాదిరి పీలుస్తావు. నా బీడీ నేనే తాగుతా, పొద్దున తాగినట్టే తాగుతా" అన్నాడు ముసలాయన.

వాగులో నీళ్లు మోకాళ్లకు దిగాక అందరం సైకిళ్లు భుజానికెత్తుకుని, ఒకరి చేయి ఒకరం పట్టుకుని అవతలి ఒడ్డుకు చేరాం. ముసలాయన కూడా ఎద్దుల్ని కట్టుకుని మా వెనకే బండి దాటించాడు. శెట్టిగారి కొడుకు సైకిల్ ఎక్కాడు. పెద్దాయన బీడీ ముట్టించాడు. వానకు ఆరిపోకుండా అందరం ఆయన చుట్టూ దడి కట్టినట్టు నిలబడి, ఆయన తల మీది యూరియా సంచిని చెరో పక్కా పట్టుకున్నాం. సగంలో బీడీ ఆరిపోయింది. "అయిపోయింది, పాండి" అన్నాడు మిల్లు అన్న. "పొద్దున గూడా ఒకతూరి ఆరిపోయిందప్పా" అని పెద్దాయన నిదానంగా మళ్లీ ముట్టించాడు. నవ్వాపుకోలేకపోయాం. మిల్లు అన్నకు కూడా నవ్వొచ్చింది గానీ కాళ్లు మాత్రం నిలవడం లేదు.

బీడీ పీక కింద పడగానే దూకాం. అంత గట్టిగా నేను ఎప్పుడూ తొక్కలేదు. కొంతసేపు నేను ముందు, కొంతసేపు మిల్లు అన్న ముందు, గాలిని పంచుకుంటూ పోయాం. మిగతావాళ్లు వెనకబడ్డారు. ఆళ్లగడ్డ ఇంకా రెండు మైళ్లుందనగా వాన తెరలో అతని వీపు కనిపించింది. నిలువునా ఒక బురద చార. "దొరికినాడు" అన్నాడు అన్న. దొరకలేదు. మేము దగ్గరయిన కొద్దీ అతను ఇంకా వంగాడు. ఊరి మొదట్లో బండ్ల బురద వచ్చింది. నేను అలవాటుగా తొక్కడం ఆపకుండా పోయాను గానీ కాళ్లలో ఇక ఏమీ మిగల్లేదు. అన్న నన్ను దాటిపోయాడు. బస్టాండు దగ్గర కట్టిన తాడును ముందు తెంపింది శెట్టిగారి కొడుకే. వెంటనే అన్న. ఆ వెనక నేను. బ్రేకులు పట్టక ముగ్గురం తాడు దాటి చాలా దూరం పోయి, ఒక అరటిపండ్ల బండిని పట్టుకుని ఆగాం.

అన్న రొప్పుతూ అతని భుజం మీద చేయి వేశాడు. "ఆ ముసలోడు బీడీ కొంచెం బేగా తాగింటే ఈపొద్దు నేను గెలిచింటి" అన్నాడు. ఆ మాట బస్టాండులో అందరికీ వినిపించింది. శెట్టిగారి కొడుకు నవ్వాడు. అతను నవ్వడం నేను అప్పుడే చూశాను.

నన్ను వాళ్లింటికి తీసుకుపోయాడు. అంగడి వెనకే ఇల్లు. వాళ్లమ్మ కాగులో నీళ్లు కాచి ఇద్దరికీ పోసింది, పొడి పంచెలిచ్చింది. పప్పన్నం తింటుంటే శెట్టిగారు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కొడుకును కాదు, నన్ను అడిగాడు.

"ఏం సారూ, వాగు వచ్చిందంట గదా. ఏం జరిగింది ఆడ?"

నాకు కథలు చెప్పడమంటే ఇష్టం. మొదలుపెట్టాను. నీళ్లెట్లా వచ్చాయో, ఎవరెవరు ఎట్లా చేరారో చేతులు తిప్పుతూ చెబుతున్నాను. లోపల నుంచి వాళ్లమ్మ నేతిగిన్నె తీసుకుని వచ్చి, నా విస్తట్లో వేస్తూ మెల్లగా అంది:

"నువ్వు తిను నాయనా. ఆరిపోతాంది. వాడు చెప్తాడులే."

నేను ఆగిపోయాను. శెట్టిగారు భార్య వైపు చూసి, తర్వాత కొడుకు వైపు తిరిగాడు. అతను అన్నం ముద్ద విస్తట్లో పెట్టేసి చెప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. బీడీ దగ్గరికి వచ్చేసరికి అతనికే నవ్వొచ్చి మాట తెగిపోయింది, మళ్లీ మొదట్నుంచి అందుకున్నాడు. శెట్టిగారు మధ్యలో రెండుసార్లు నోరు తెరిచాడు, అందించబోయి ఆగిపోయాడు. అంగడిలో నుంచి ఎవరో పిలిచినా లేవలేదు. అంతా విన్నాక, "అయితే నువ్వే అడిగినావా, అంతమందిలో?" అన్నాడు. అతను తలూపాడు. శెట్టిగారు లేచి అంగడిలోకి పోయాడు.

ఆ తర్వాత అతను, నేను స్నేహితులమయ్యాం. ఆదివారం మా చర్చిలో ఆరాధన ముగిశాక అతను ఆ వైపు నుంచి, నేను ఈ వైపు నుంచి తొక్కుకుంటూ వచ్చి శిరివెళ్లలో కలుసుకునేవాళ్లం. వాన ఉంటే ఇంకా సంతోషం. ఒక ఏడు వాన లేని పందెం వచ్చి నేను మళ్లీ వెనకబడి పోయాను. ఒక ఏడు నేను రెండోవాడిగా వచ్చాను. మొదట ఎప్పుడూ రాలేదు. అతనికి పెండ్లయింది. పెండ్లయిన కొత్తలోనే శెట్టిగారికి జబ్బు చేసి, గల్లాపెట్టె దగ్గర అతనే కూర్చోవలసి వచ్చింది.

నా ఆఖరి పందెం ఎనభైలు వచ్చాక జరిగింది. అప్పటికి రోడ్డు మీద ట్రాక్టర్లు ఎక్కువయ్యాయి. ఆరోజూ వానే. శిరివెళ్ల చేరకముందే ఒక ఎద్దు అడ్డం వచ్చింది. హ్యాండిల్ తిప్పకూడదని నాకు తెలుసు, అయినా చేతులు తిప్పేశాయి. రోడ్డు మీద కుడి భుజం ఆనించి పడ్డాను. లోపల ఎముక విరగడం చెవికి వినిపించింది. శెట్టిగారి కొడుకు నా వెనకే వస్తున్నాడు. ఆగాడు. సైకిల్‌ను కాలువ గట్టున పడేసి నా దగ్గరికి వచ్చాడు. "పో, నువ్వు పో" అన్నాను. వినిపించుకోలేదు. నంద్యాల వైపు పోయే ట్రాక్టరును ఆపి, ట్రాలీలో గడ్డి పరిపించి నన్ను ఎక్కించి, తానూ ఎక్కాడు.

ట్రాలీ కుదుపుకు ప్రాణం పోతున్నట్టుండేది. నా తల తన తొడ మీద పెట్టుకుని, భుజం కదలకుండా రెండు చేతులతో పట్టుకుని, అతను మాట్లాడటం మొదలుపెట్టాడు. నంద్యాల వచ్చేదాకా ఆపలేదు. అంగడికి రోజూ వచ్చి చింతపండు ధర అడిగి, కొనకుండా పోయే ముసలమ్మ గురించి చెప్పాడు. గోడౌనులో ఈనిన పిల్లి గురించి చెప్పాడు. పెండ్లయిన కొత్తలో తన భార్య తన మాటలన్నీ తానే పూర్తి చేసేదనీ, ఒకరోజు "నన్ను చెప్పనీ" అంటే మానేసిందనీ, "ఇప్పుడు నేను మొదలుపెడితే, అది పోయి గిన్నెలు తోముకుని వస్తాది సారూ. వచ్చేసరికి నేను సగంలో ఉంటా" అనీ చెప్పాడు. నవ్వితే భుజం నొప్పి. "నవ్వించొద్దప్పా" అంటే, మాట పట్టుకున్న చోట కండ్లు మూసుకుని, విడిపించుకుని, ఇంకొకటి చెప్పేవాడు. వాన అతని మొహం మీది నుంచి నా మొహం మీద పడుతోంది.

ఆసుపత్రిలో డాక్టరు ఏమైందని అడిగితే నేను నోరు తెరిచేలోపు అతనే చెప్పాడు. డాక్టరు చేతిలో కత్తెర పట్టుకుని చివరిదాకా విన్నాడు. అమ్మ వచ్చి చూసి, మా ఇద్దరిలో ఎవరికి దెబ్బ తగిలిందో తెలియక ముందు అతన్ని పట్టుకుని ఏడ్చింది. అంత బురద ఉంది ఇద్దరి మీదా.

భుజం అతుక్కుంది గానీ, వంగి హ్యాండిల్ మీద బరువు వేస్తే ఇప్పటికీ గుర్తు చేస్తుంది. మరుసటేడు పగిడ్యాలకు బదిలీ అయి, బడి పక్కనే ఇల్లు దొరికింది. ఇక తొక్కే పని లేకపోయింది.

ఆ ఆఖరి పందెం ఎవరు గెలిచారో మాకు మరుసటిరోజు దాకా తెలియదు. మధ్యాహ్నం మిల్లు అన్న ఒక సంచిలో జామకాయలు తీసుకుని వార్డులోకి వచ్చాడు. శెట్టిగారి కొడుకు కూడా అప్పుడు నా మంచం పక్కనే ఉన్నాడు. అన్న సంచి కింద పెట్టి, "నేనే గెలిచినానప్పా" అన్నాడు, ఏదో తప్పు ఒప్పుకున్నట్టు. "ఇన్నేండ్లకు మొదట వచ్చినా. తాడు తెంపి వెనక్కి తిరిగి చూస్తే మీరిద్దరూ లేరు. ఎవురికి చెప్పల్ల?"

వార్డులో పడుకున్నవాళ్లంతా తలలెత్తి చూశారు. నర్సమ్మ వచ్చి, ఇక్కడ గట్టిగా మాట్లాడకూడదని చెప్పింది.

"నేను మెల్లగానే మాట్లాడతాండా గదమ్మా" అన్నాడు అన్న, అదే గొంతుతో.